హైదరాబాదు కంటే ముందే మా బడికి టీవీ

ఆ బుడ్డలు కాలినాయి, తీసి నలపండి. టీవీ ముచ్చట అడిగితిరి కదా, చెప్తా ఇనండి.

టీవీ అంటే మొదట పట్నంలో వచ్చి, ఆనక పల్లెకు వచ్చిందని మీరనుకుంటాండారు. కాదు నాయనా. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం పెట్టింది 1977 అక్టోబరులో. మన కర్నూలు జిల్లాలో కొన్ని పల్లెలు దానికి రెండేండ్ల ముందే టీవీ చూసినాయి. 1975 ఆగస్టు ఒకటో తేదీ మొదలాయె. దాన్ని సైట్ అంటాండ్రి. అమెరికా నాసా వాళ్ళ ఉపగ్రహాన్ని ఒక ఏడాదికి వాడుకోనిస్తే, మన ఇస్రో వాళ్ళు ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఆకాశం నుంచి నేరుగా బొమ్మ దించినారు. అందులో మా ఊరొకటి.

బడి మిద్దె మీద పదడుగుల వెడల్పున యాంటెన్నా బిగించినారు. కోళ్ళగూటికి కొట్టే ఇనుప జాలీనే, గొడుగు తిరగేసినట్ల. అది పొద్దు గుంకే దిక్కుకు చూస్తాండె. ఎందుకప్పా అంటే, ఆ ఉపగ్రహం ఆఫ్రికా మీద, 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలబడిందంట. పిచ్చుకలొచ్చి జాలీ మీద వాలితే బొమ్మ పోతాదేమోనని మేము రాళ్ళేసి తోలుతాంటిమి. అయ్యవారు మమ్మల్నే తోలె.

చీకటి పడేసరికి బడి ముందర జనం. తెలుపూ నలుపూ బొమ్మే, అయినా కన్నార్పకపోతిమి. సేద్యం, గొడ్ల జబ్బులు, పిల్లోళ్ళకు టీకాలు, బుర్రకథలు, అన్నీ తెలుగులో. ఒక అర్ధగంట హిందీలో వస్తాండె. ఒక్క ముక్క అర్థం కాకున్నా ఎవరూ లేచిపోరు. ఎమర్జెన్సీ రోజులవి, ఇందిరమ్మ ఇరవై సూత్రాల మాట కూడా అందులోనే. పొద్దున బడి పిల్లోళ్ళకు వేరే పాఠాలు.

మొదట్ల ఎస్సీ వాడ పిల్లోళ్ళు గోడ అవతలే నిలబడి తొంగి చూస్తాండ్రి. మూడోనాడో నాలుగోనాడో అయ్యవారు పోయి, వాళ్ళను చెయ్యి పట్టుకోని తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టె. ఒకరిద్దరు పెద్దోళ్ళు మూతి ముడుచుకోని లేచి పోయిరి. పోయి ఏం చేస్తారు, రెండు రోజులకు వాళ్ళే తిరిగొచ్చిరి! ఆ అయ్యవారికి నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటా. ఆడోళ్ళు మాత్రం చానా రోజులు రాకపాయిరి. మా జేజి ఒకనాడు కొంగు కప్పుకోని వచ్చి, తలుపు పక్కన నిలబడి గొడ్ల గాలికుంటు గురించి కడదాకా ఇనె. తెల్లారి మా నాయినతో కొట్లాడి, జబ్బు చేసిన ఎద్దును మంద నుంచి విడిగా కట్టించె.

కడప పక్క మా అక్కను ఇచ్చింటిమి. వాళ్ళ ఊర్లో ఇది లేదు. పండక్కి వచ్చినప్పుడు రోజూ మాకంటే ముందే పోయి కూర్చుంటాండె.

సరిగ్గా ఏడాదికి, 1976 జూలై ఆఖర్న, అంతా నిలిచిపాయె. మాట ప్రకారం ఉపగ్రహాన్ని నాసా వాళ్ళు వెనక్కి తీసుకున్నారు. ఆగస్టులో కూడా సాయంత్రమైతే జనం బడి కాడికి పోయి కూర్చుంటాండ్రి, అలవాటు ఊరుకోనీదు కదా. తర్వాత హైదరాబాదులో కేంద్రం వచ్చె గానీ, అంత దూరం నుంచి బొమ్మ మా దాకా రాకపాయె. మళ్ళీ టీవీ మొహం చూసింది ఎనభైల్లోనే. అప్పుడు శాంతిస్వరూప్ తెలుగు వార్తలు, 1987లో ఆదివారం పొద్దున రామాయణం. ఉన్నోళ్ళ ఇండ్లలో డయనోరా, సాలిడేర్ పెట్టెలు. చూడనీకి పోతే వాకిలి దగ్గరే నిలబెట్టేటోళ్ళూ ఉండ్రి. బడి ముందర కూర్చున్నోడికి ఆ వాకిలి దాటేది చానా కష్టమనిపించె.

ఆ ఏడాది చూసినోళ్ళు మన ఊర్లో ఇంకా నలుగురైదుగురు ఉండారు. నా ఒక్కడి మాటే ఇని ఊరుకోవద్దు. రేపు పోయి వాళ్ళను అడుగు పాపా, మీ ఫోన్లో వాళ్ళ గొంతులు పట్టి పెట్టు.