కొండ మీద వేట, కొండ కింద వంట

ఆ కొండ కింద తవ్వకాల్లో బయటపడిన పగిలిన రాళ్లు చాలావరకు ఆ కొండవి కావు. అక్కడంతా ఇసుకరాయి. ఇసుకరాయిని నిప్పుల్లో కాల్చి నీళ్లలో వేస్తే చిట్లిపోతుంది, వండేదంతా ఇసుక పాలవుతుంది. అందుకే కాలినా చిట్లని గట్టి గులకరాళ్లను కిలోమీటర్ల అవతలి నుంచి తెచ్చుకున్నారు. అప్పటికి గుర్రాల్లేవు, బండ్లు లేవు. మనుషుల వీపుల మీద, కుక్కలు లాగే కర్రల మీద ఆ బరువంతా నడిచి వచ్చింది. మాంసం రెండు రోజులు ఆగే వస్తువు కాదు కాబట్టి, రాళ్లు ముందుగానే సిద్ధంగా ఉండాలి. మంద ఇంకా ఎక్కడో గడ్డి మేస్తుండగానే దాని ఎముకల్లోంచి కొవ్వు తీసే ఏర్పాటు ఇక్కడ జరిగిపోయిందన్నమాట.

ఈ చోటు కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో, ఫోర్ట్ మెక్లియోడ్ పట్టణానికి వాయవ్యంగా 18 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇంగ్లిషులో దాని పేరు ‘హెడ్-స్మాష్డ్-ఇన్ బఫెలో జంప్’. తల చితికిన చోటు అని అర్థం. బైసన్ మందలు పైనుంచి పడుతుంటే కిందినుంచి చూడాలని ముచ్చటపడిన ఒక కుర్రాడు కళేబరాల గుట్టకూ కొండ రాతికీ మధ్య నలిగిపోయాడనీ, తల చితికి దొరికాడనీ బ్లాక్‌ఫుట్ జాతివాళ్లు చెప్పుకునే కథ. దాదాపు 6,000 ఏళ్ల కిందటి నుంచి పంతొమ్మిదో శతాబ్దం దాకా ఇక్కడ వేట సాగింది. 1981లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇప్పుడు చూసేవాళ్లకు ఆ కొండ అంచు పది మీటర్ల ఎత్తే కనిపిస్తుంది. అసలు ఎత్తు దానికి రెట్టింపు దాకా ఉండేది. తక్కువైన ఎత్తంతా కింద పేరుకున్న ఎముకలూ మన్నూ.

బైసన్ అనే పేరు మన దగ్గర గౌర్‌కు కూడా వాడతారు. పాపికొండల అడవుల్లో తిరిగే అడవిదున్న అదే. కొమ్ము కోయలు నృత్యంలో తలకు ధరించే కొమ్ములు దానివే. అమెరికా బైసన్ వేరే జాతి. ముందు భాగమంతా జూలు, పెద్ద మూపురం, కిందికి వాలిన బరువైన తల. ఆడది నాలుగు వందల కిలోలు దాటుతుంది, మగది దానికి రెట్టింపు దాకా వెళుతుంది. అంత బరువున్నా గుర్రంతో సమానంగా పరిగెత్తుతుంది. ఇలాంటి జంతువును కాలినడకన, రాతి మొనలున్న ఈటెలతో ఒక్కొక్కదాన్నీ తరిమి చంపడం అయ్యే పని కాదు. మందను మందగా ఒకచోటికి తీసుకురావాలి. ఆ తీసుకురావడంలోనే ఉంది విద్యంతా.

మొదట కాలం చూసుకోవాలి. ఎండాకాలం చివర మగవి జత కోసం పోట్లాడుకుని చిక్కి ఉంటాయి. వసంతంలో ఆడవి శీతకాలపు ఆకలితో, ఈనిన బలహీనతతో ఉంటాయి. శరత్కాలం వచ్చేసరికి మాత్రం ఆడవి వేసవి గడ్డి మేసి నిండా కొవ్వు పట్టి ఉంటాయి. ఆ కాలంలో ఆడవీ దూడలూ ఉన్న మందనే కోరుకునేవారు. పైగా చలి ముంచుకొస్తోంది, ఎండబెట్టిన మాంసం శీతకాలమంతా నిలుస్తుంది.

కొండ వెనక పడమటి వైపు నీళ్లూ గడ్డీ ఉన్న పల్లం ఒకటి ఉంది. దాదాపు 40 చదరపు కిలోమీటర్లు. మందలు అక్కడ మేసేవి. అక్కడినుంచి కొండ అంచు దాకా రెండు వరసల్లో చిన్న చిన్న రాళ్ల కుప్పలు పేర్చారు. దూరంగా ఉన్న కొసన వెడల్పుగా, అంచు దగ్గరికి వచ్చేకొద్దీ ఇరుకుగా సాగే దారులవి. కొన్ని పది కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. కుప్పలు వందల సంఖ్యలో ఇప్పటికీ నేల మీద కనిపిస్తాయి. మోకాలెత్తు కూడా లేని రాళ్లను దాటలేక కాదు జంతువులు ఆగేది. కుప్పల్లో కొమ్మలు గుచ్చి నిలబెడితే గాలికి అవి కదులుతాయి, కదిలే వరసను చూసి మంద పక్కకు ఒదిగి నడుస్తుంది. పొలంలో దిష్టిబొమ్మను నిలబెట్టే రైతుకు ఈ తర్కం విడమర్చి చెప్పక్కర్లేదు.

గాలి అసలు పెద్ద లెక్క. బైసన్ చూపు మోస్తరుదే, వాసన పట్టడంలో మాత్రం దానికి సాటి లేదు. ఈ ప్రాంతంలో గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. మంద పడమట ఉంది, గుడారాలూ నిప్పులూ మనుషులూ తూర్పున కొండ కింద ఉన్నారు. పొగ వాసన మంద వైపు పోదు. వేల ఏళ్ల పాటు ఇదే కొండను ఎంచుకోవడానికి ఇదొక ముఖ్య కారణం. గాలి మళ్లిన రోజున వేట మానుకోవడమే.

ఇక మందను కదిలించేవాళ్లు. వీళ్లు వయసులో చిన్నవాళ్లు, రోజుల తరబడి మంద చుట్టూ తిరిగి దాని నడక, బెదురు, దానికి ముందుండే ముసలి ఆడదాని తీరు చదివినవాళ్లు. ఒకడు దూడ తోలు కప్పుకుని తప్పిపోయిన దూడలా అరుస్తూ ముందు కదిలేవాడు. తల్లులు ఆ అరుపు వెంట నడిచేవి. వెనక కొందరు తోడేలు తోళ్లు కప్పుకుని కనిపించీ కనిపించనట్టు తిరిగేవారు. ముందు దూడ పిలుపు, వెనక తోడేలు భయం: రెంటి మధ్యా మంద నెమ్మదిగా దారిలోకి వచ్చేది. దీనికి ఒక్కోసారి రోజులే పట్టేవి. తొందరపడి ఎవడైనా ఒక్క కేక వేస్తే అందరి శీతకాలమూ పోయినట్టే.

ఇంత చేసినా మంద రాకపోవచ్చు. అందుకే వేటకు ముందు ప్రార్థనలు ఉండేవి. బ్లాక్‌ఫుట్ ఇళ్లలో ‘ఇనిస్కిమ్’ అనే రాయిని భద్రంగా దాచుకునేవారు. కోట్ల ఏళ్లనాటి సముద్రజీవి శిలాజపు ముక్క అది, బైసన్ ఆకారంలో కనిపిస్తుంది. కరువు రోజుల్లో ఒక స్త్రీకి ఈ రాయి దొరికిందనీ, మందను పిలిచే పాట నేర్పిందనీ వాళ్ల నమ్మకం. గాలినీ మందనూ అంత నిశితంగా లెక్కగట్టినవాళ్లే ఈ రాతికీ మొక్కారు. వాళ్ల దృష్టిలో రెండూ ఒకే పనిలో భాగాలు.

చివరి ఘట్టం మాత్రం కొద్ది నిమిషాలది. దారి ఇరుకైన చోట కుప్పల వెనక దాగినవాళ్లంతా ఒక్కసారిగా లేచి తోళ్లు ఊపుతూ అరిచేవారు. వెనకవి ముందున్నవాటిని నెట్టేవి. అంచు కనిపించేసరికి ఆగే వీలు లేదు. పడి చావనివాటిని కింద ఈటెలతో, బాణాలతో ముగించేవారు. ఒక్కటి తప్పించుకున్నా వెళ్లి మిగతా మందలకు చెబుతుందని నమ్మేవారు, అందుకని దేన్నీ వదిలేవారు కాదు.

ఇక్కడినుంచి పని స్త్రీలది. నిజానికి అసలు పని ఇక్కడినుంచే. చచ్చిన బైసన్ దేహం పెద్దది, తోలు మందం. లోపలి వేడి త్వరగా బయటికి పోదు, కోయకపోతే గంటల్లోనే మాంసం చెడుతుంది. చీకటి పడేలోగా వీలైనన్నిటిని చీల్చాలి. నాలుక, మూపురం, కార్జం ముందు తీసేవారు. నాలుక గౌరవమైన ముక్క, పూజల్లో దానికి చోటుంది. మాంసాన్ని పల్చటి పొరలుగా కోసి కర్ర దండేల మీద వేలాడదీసి ఎండకూ గాలికీ ఆరబెట్టేవారు. ముక్క ఎంత పల్చగా కోస్తే అంత త్వరగా ఆరుతుంది, ఈగ వాలి గుడ్డు పెట్టేలోగా పైపొర గట్టిపడుతుంది. మన వాడల్లో పెద్దకూర దొరికిన రోజున పొడుగాటి పేలికలుగా కోసి తాళ్ల మీద ఆరేసే ఒట్టితునకలు తిని పెరిగినవాళ్లకు ఆ దండేల వరస కొత్త కాదు. అటు ఇటు రెండు చోట్లా ఒకే లెక్క: ఒక్కరోజు దొరికిన తిండిని నెలలకు సర్దడం.

అయితే కొవ్వు లేని ఎండు మాంసం ఒక్కదానితో శీతకాలం గడవదు. వారాల తరబడి అదే తింటే మనిషి కడుపు నిండా తింటూనే నీరసించిపోతాడు. మొదట చెప్పుకున్న రాళ్ల పని ఇక్కడ. నేలలో గుంట తవ్వి, పచ్చితోలు పరిచి, నీళ్లు పోసి, ఎర్రగా కాలిన రాళ్లను ఒక్కొక్కటే వేస్తే నీళ్లు మరుగుతాయి. చితగ్గొట్టిన ఎముకలు అందులో వేస్తే మూలుగ కొవ్వు పైకి తేలుతుంది. దాన్ని తీసి దాచేవారు. పొయ్యిలోకి ఎండిన బైసన్ పేడ. కట్టె దొరకని మైదానంలో అదే పిడక.

ఎండిన మాంసాన్ని రాతి సుత్తులతో పొడిగా దంచి, కాచిన కొవ్వు కలిపి, దొరికితే సస్కటూన్ పండ్లు చేర్చి, తోలు సంచుల్లోకి కూరితే అది పెమ్మికన్. క్రీ భాషలో ‘పిమీ’ అంటే కొవ్వు, పేరు దానినుంచే వచ్చింది. గాలి తగలకుండా కుట్టిన సంచి ఏళ్లు నిలిచేది. ఉప్పు లేదు, పొగ అక్కర్లేదు. మోసే బరువుకు ఇంత బలమిచ్చే తిండి మరొకటి ఆ రోజుల్లో లేదు.

తోలు గుడారమైంది, దుప్పటైంది. వెన్ను నరం వింటినారి, కుట్టుదారం. కొమ్ము గరిటె. పొట్టసంచి నీళ్ల తిత్తి. ఏదీ పారెయ్యలేదని పుస్తకాలు తరచు రాస్తాయి. అది పూర్తి నిజం కాదు. కొలరాడోలోని ఓల్సెన్-చబక్ అనే చోట దాదాపు 10,000 ఏళ్ల కిందట ఒక ఇరుకు గండిలోకి 190 దాకా బైసన్‌లను తరిమారు. జో బెన్ వీట్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఎముకల వరసను బట్టి ఏ కోత తర్వాత ఏ కోత పడిందో చెప్పగలిగాడు. గండి అడుగున ఇరుక్కున్న కొన్నింటిని ఎవరూ ముట్టలేదని కూడా తేల్చాడు. మంద ఒకసారి పరుగందుకున్నాక ఇన్ని చాలు అని ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. ఆ మనుషుల్ని పొగడడానికి ఈ నిజాన్ని దాచాల్సిన అవసరం లేదు.

గుర్రాలు 1730ల ప్రాంతంలో బ్లాక్‌ఫుట్ వాళ్లకు చేరాయి. కొండ అంచు అవసరం క్రమంగా తగ్గింది. అయినా ప్రణాళిక తగ్గలేదు. దానికి మంచి ఉదాహరణ మెటీలు. ఫ్రెంచి, స్కాట్లండు వ్యాపారులకూ క్రీ, ఒజిబ్వే స్త్రీలకూ పుట్టిన సంతతి వీళ్లు. 1840 జూన్‌లో ఎర్రనది (రెడ్ రివర్) వలస నుంచి బయల్దేరిన వేట బిడారుతో అలెగ్జాండర్ రాస్ అనే ఆయన వెళ్లి లెక్కలు రాసుకున్నాడు: 1,210 బండ్లు, 1,630 మంది మనుషులు. వాళ్లలో స్త్రీలు 650, పురుషులు 620, మిగతా పిల్లలు. పదిమంది కెప్టెన్లను ఎన్నుకున్నారు, జాన్ బాటిస్ట్ విల్కీ పెద్ద. జెండా ఎగిరితే ప్రయాణం, దించితే మజిలీ. ఆదివారం వేట లేదు. ఆజ్ఞ రాకముందు మంద మీదికి ఎవరూ ఉరకకూడదు. తప్పు చేస్తే మొదటిసారి జీను, కళ్లెం కోసేస్తారు. రెండోసారి ఒంటిమీది కోటు. మూడోసారి కొరడా దెబ్బలు. దొంగతనం చేసినవాణ్ణి గుడారాల నడుమ నిలబెట్టి పేరు పెట్టి ‘దొంగ’ అని మూడుసార్లు అరుస్తారు. మొదటి రోజు వేటలో శిబిరానికి చేరిన నాలుకలు 1,375.

అలాంటి బండ్ల మీద వచ్చిన పెమ్మికన్ బొచ్చు వ్యాపారాన్ని నడిపింది. పడవల్లో వేల కిలోమీటర్లు వెళ్లేవాళ్లకు అదే తిండి. దానికోసం అంతకుముందే గొడవలు కూడా జరిగాయి. 1814 జనవరిలో ఎర్రనది గవర్నర్ మైల్స్ మెక్‌డొనెల్ పెమ్మికన్‌ను బయటికి పంపకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. దాంతో మెటీలతో రగిలిన తగాదా 1816 జూన్ 19న సెవెన్ ఓక్స్ దగ్గర కాల్పులకు దారితీసి, మెక్‌డొనెల్ తర్వాత గవర్నరైన రాబర్ట్ సెంపుల్‌తో సహా అతని వైపువాళ్లు 21 మంది చనిపోయారు. మాంసప్పొడీ కొవ్వూ కలిసిన ముద్ద కోసం.

తర్వాత వచ్చినవాళ్లకు మాంసం అక్కర్లేదు. 1871 ప్రాంతంలో బైసన్ తోలును ఫ్యాక్టరీ యంత్రాల బెల్టులకు పనికొచ్చేలా పదును చేసే పద్ధతి వచ్చింది. రైలు వచ్చింది, దూరం కొట్టే తుపాకి వచ్చింది. తోలు ఒలిచి మిగతాదంతా మైదానంలో వదిలేశారు. తర్వాత ఎముకలు కూడా ఏరి ఎరువుకు అమ్మారు. కోట్లలో ఉన్న జంతువు 1889లో విలియం హోర్నడే లెక్కపెట్టేసరికి, బోనుల్లో ఉన్నవాటితో కలిపి, 1,091కి చేరింది. 1883-84 శీతకాలంలో అమెరికాలోని మోంటానాలో బ్లాక్‌ఫుట్ జాతి శాఖ అయిన బ్లాక్‌ఫీట్ ప్రజల్లో దాదాపు 600 మంది ఆకలితో చనిపోయారు. దండేలు కట్టడం, గుంటలో కొవ్వు తీయడం వాళ్లకు బాగా తెలుసు. ఆరేయడానికి మాంసం లేదు.

బ్లాక్‌ఫీట్ నేల మీద 1870లలో పట్టిన కొన్ని దూడల సంతతిని తర్వాత మిషెల్ పాబ్లో, చార్లెస్ అలార్డ్ పెంచారు. 1907 నుంచి కెనడా ప్రభుత్వం ఆ మందను కొని ఎల్క్ ఐలండ్ పార్కుకు తరలించింది. 2016 ఏప్రిల్‌లో అక్కడినుంచి 87 దూడలు లారీల్లో సరిహద్దు దాటి మళ్లీ బ్లాక్‌ఫీట్ వాళ్ల దగ్గరికి వచ్చాయి. 2023 జూన్‌లో, తమకు పవిత్రమైన చీఫ్ మౌంటెన్ కింద, వాళ్లు కొన్నింటిని కంచెలేని నేల మీదికి వదిలారు.