చౌక బట్ట వెనుక చట్టం

2025 మే 17న మన విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఒక నోటిఫికేషన్ విడుదల చేసింది. బంగ్లాదేశ్‌లో కుట్టిన రెడీమేడ్ దుస్తులు ఇకపై భూసరిహద్దుల గుండా రాకూడదు. నవాశేవా, కోల్‌కతా ఓడరేవుల ద్వారా మాత్రమే రావాలి. అంతవరకు ఆ సరుకులో అత్యధిక భాగం లారీల మీద బేనాపోల్ దాటి పెట్రాపోల్ చేరేది. అంతకు నెల రోజుల ముందు బంగ్లాదేశ్ మన నూలును భూమార్గంలో రానివ్వకుండా ఆపింది. దానికి ముందు, మన నేల మీదుగా ఇతర దేశాలకు సరుకు పంపుకునేందుకు ఢాకాకు ఉన్న సౌకర్యాన్ని ఢిల్లీ రద్దు చేసింది.

టీవీ చర్చల్లో ఇది గుణపాఠమా, ప్రతీకారమా అన్న వాదనే సాగింది. ఆ లారీలో ఉన్న చొక్కా గురించి ఎవరూ మాట్లాడలేదు. దాని పత్తి ఆదిలాబాద్ చేలలో పండి ఉండవచ్చు. నూలు తమిళనాడు మిల్లులో వడికి ఉండవచ్చు. గాజీపూర్‌లో ఒక యువతి దాన్ని కుట్టింది. హైదరాబాద్ మాల్‌లో దాన్ని మనం కొంటున్నాం. దానిని విదేశీ వస్త్రమని ఒక్క మాటలో తేల్చెయ్యడం అంత సులువు కాదు. అది అంత చౌకగా ఎందుకు దొరుకుతోందన్నది మరింత కష్టమైన ప్రశ్న. యంత్రం, నైపుణ్యం, కూలి, ఇవన్నీ ధరను నిర్ణయిస్తాయి, నిజమే. అయితే మూడు వందల ఏళ్ల చరిత్ర చూస్తే, బట్ట ఎవరికి చౌకగా అందాలో, ఎవరికి అందకూడదో నిర్ణయించినది ప్రతిసారీ చట్టమేనని తెలుస్తుంది.

చౌక దిగుమతి బట్టపై తొలి పెద్ద రాజకీయ యుద్ధం జరిగింది లండన్‌లో. అప్పుడు ఆ చౌక బట్ట మనదే. మచిలీపట్నం రేవు నుంచి, కోరమండల్ తీరం నుంచి వెళ్లిన చీటీ గుడ్డలు పదిహేడో శతాబ్దం చివరికి ఇంగ్లండులో దొరసానుల గదుల నుంచి పనిమనుషుల గౌనుల దాకా పాకాయి. తేలికగా ఉండేవి, ఉతికినా రంగు పోయేది కాదు, ధర అందుబాటులో ఉండేది. ఉన్ని, పట్టు నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. 1700లో ఇంగ్లండు పార్లమెంటు రంగులద్దిన భారతీయ నూలు బట్టల దిగుమతిని నిషేధించింది. అది చాలలేదు. 1719లో స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు చీటీ గుడ్డ తొడుక్కున్న స్త్రీల మీద వీధుల్లో దాడులు చేశారు. 1721 చట్టం అద్దకపు నూలు బట్టలను చాలావరకు ధరించడాన్నే నేరం చేసింది. 1774లో ఆ నిషేధం తొలగేనాటికి లాంకషైర్ తన సొంత నూలు పరిశ్రమకు పునాదులు వేసుకుంది. స్వేచ్ఛా వాణిజ్యాన్ని లోకానికి బోధించిన దేశం ముందుగా తన గుమ్మానికి గడియ పెట్టుకుని పని నేర్చుకుందన్నమాట.

ఆ తర్వాత ప్రవాహం తలకిందులైంది. ఆవిరి యంత్రం మాంచెస్టర్ బట్టను నిజంగానే చౌక చేసింది. దాన్ని కాదనడం చరిత్రకు అన్యాయం. కానీ యంత్రానికి రాజ్యం తోడు నిలిచింది. 1879లో వైస్రాయి లిట్టన్ తన కార్యనిర్వాహక మండలిలో అత్యధికుల మాటను తోసిపుచ్చి ముతక నూలు బట్టలపై దిగుమతి సుంకం ఎత్తేశాడు. 1882లో ఆ సుంకాలు పూర్తిగా పోయాయి. ఖజానా ఖాళీ అయ్యాక సుంకం తిరిగి వేయక తప్పలేదు. అప్పుడు లాంకషైర్ నొచ్చుకోకుండా, 1896లో దిగుమతి బట్టపై మూడున్నర శాతం సుంకం వేసి, బొంబాయి మిల్లుల బట్టపైనా అంతే ఎక్సైజు విధించారు. మన గడ్డ మీద నేసిన బట్టకు విదేశీ బట్టతో సమానంగా పన్ను! ఆ ఎక్సైజు రద్దయ్యేసరికి 1926 వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందటి ఏడాది ఈ దేశంలోకి మూడు వందల కోట్ల గజాలకు పైగా మిల్లు బట్ట దిగుమతి అయింది.

దీనికి జవాబుగా 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాలులో విదేశీ వస్తు బహిష్కార తీర్మానం జరిగింది. ఇప్పుడు మనం జాతీయ చేనేత దినోత్సవం జరుపుకునేది ఆ తేదీనే. 1907లో బిపిన్ చంద్ర పాల్ పర్యటనతో ఆ ఉద్యమం రాజమహేంద్రవరాన్ని, మచిలీపట్నాన్ని కూడా కదిలించింది. అది గర్వించదగ్గ అధ్యాయం. కానీ అందులో పండగ ఉపన్యాసాల్లో వినిపించని ఒక పేజీ ఉంది. స్వదేశీ బట్ట ముతకది, పైగా ఖరీదైనది. తూర్పు బెంగాల్‌లోని పేద రైతులు, వారిలో ఎక్కువ మంది ముస్లిములు, నామశూద్రులు, ఆ ఖరీదును భరించలేకపోయారు. సంతల్లో జమీందారుల మనుషులు వారిని బెదిరించారు, విదేశీ బట్టల మూటలు లాక్కున్నారు. మరోవైపు పెరిగిన గిరాకీని పశ్చిమ భారత మిల్లు యజమానులు లాభంగా మలుచుకున్నారు. 1907లో కొమిల్లా, జమాల్‌పూర్‌లలో మతకల్లోలాలు రేగడానికి ఈ కసి కూడా ఒక కారణం.

ఉద్యమం తొలినాళ్లలో ముందు నడిచిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఇది చూసి పక్కకు జరిగారు. 1916లో వెలువడిన ఆయన నవల ‘ఘరే బాయిరే’లో పంచూ అనే నిరుపేద రైతు ఉంటాడు. పొట్టకూటికి తిరిగి అమ్ముకునే అతని విదేశీ బట్టల మూటను దేశభక్తి పేరిట జమీందారు తగలబెట్టిస్తాడు. దేశం కోసం త్యాగం చెయ్యమని ఎప్పుడూ పంచూనే ఎందుకు అడుగుతారన్నది ఆ నవల మన ముందుంచిన ప్రశ్న. 1921లో గాంధీజీ విదేశీ వస్త్ర దహనానికి పిలుపు ఇచ్చినప్పుడూ ఠాగూర్ అభ్యంతరం అదే ధోరణిలో సాగింది.

గాంధీజీ దగ్గరా దానికి ఒక సమాధానం ఉంది: కొనేవాడే వడకాలి, ఆ పని పల్లెకు కూలి ఇవ్వాలి. 1931 సెప్టెంబరులో ఆయన లాంకషైర్ వెళ్లి, తన బహిష్కారం వల్ల పని కోల్పోయిన మిల్లు కార్మికులను కలిశారు. వారి కష్టాన్ని తక్కువ చేయలేదు, తన ఉద్యమాన్ని వెనక్కి తీసుకోనూ లేదు. భారత పల్లెల ఆకలిని వారి ముందుంచారు. ఆ మహిళా కార్మికులు ఆయన చుట్టూ చేరి జేజేలు పలుకుతున్న ఛాయాచిత్రం నేటికీ ఉంది. వాణిజ్య యుద్ధంలో ఎదుటి దేశపు కూలీని శత్రువుగా చూడని నాయకుడు ఆ తర్వాత మనకు అరుదుగా కనిపించాడు.

స్వాతంత్ర్యం వచ్చాక దిగుమతులకు తలుపులు మూసుకున్నాం. సంక్రాంతికో దసరాకో తాను చింపించి, దర్జీ చుట్టూ పది రోజులు తిరిగిన తరం ఇంకా మన మధ్యే ఉంది. చేనేతను అప్పుడు దెబ్బ తీసింది విదేశీ బట్ట కాదు, భివండీ, సూరత్ మరమగ్గాల బట్ట. 1985లో 22 రకాలను చేనేతకు కేటాయిస్తూ చట్టం చేశారు. అది 11కు తగ్గింది. 1982 సమ్మె తర్వాత బొంబాయి మిల్లులు కోలుకోలేదు. మరమగ్గాల సిరిసిల్ల సైతం చివరికి ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డరు కోసం ఎదురుచూసే స్థితికి చేరింది.

అదే కాలంలో పక్క దేశం కథ మారింది. 1974 నుంచి ధనిక దేశాలు ఏ దేశం నుంచి ఎంత బట్ట కొనాలో కోటాలు పెట్టుకున్నాయి. కొరియా కోటా నిండిపోయింది, బంగ్లాదేశ్ కోటా ఖాళీగా ఉంది. 1979లో ఒక కొరియా సంస్థ బంగ్లాదేశీయులకు కుట్టుపని నేర్పింది. అంటే ఢాకా చొక్కా కూడా చట్టం కడుపున పుట్టిందే. 2005 జనవరి 1న కోటాలు పోయినా ఢాకా నిలబడింది. ఏ బలంతో నిలబడిందో 2013 ఏప్రిల్ 24న ప్రపంచం చూసింది. పగుళ్లిచ్చిన రానా ప్లాజా భవనంలోకి జీతం పోతుందన్న భయంతో వెళ్లిన కార్మికుల్లో 1,100 మందికి పైగా శిథిలాల కింద మరణించారు.

ఇప్పుడు దుకాణం అరచేతిలోకి వచ్చింది. పండగ కోసం ఆగనక్కర్లేదు. నచ్చకపోతే తిరిగి పంపవచ్చు. చైనాలో పుట్టిన షీన్‌ను 2020 జూన్‌లో మన ప్రభుత్వం దేశభద్రత పేరిట నిషేధించింది. 2025 ఫిబ్రవరిలో అది రిలయన్స్ చేయి పట్టుకుని, ఇక్కడే కుట్టించిన దుస్తులతో తిరిగివచ్చింది. జెండా మారింది, వేగం మారలేదు. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఇచ్చిన సుంకం మినహాయింపును అమెరికా కూడా 2025లో ఎత్తేసింది. అలా చౌక బట్ట దారులు మూసుకుపోతున్నాయి, కొత్తవి తెరుచుకుంటున్నాయి. తొడిగి పారేసినవాటిలో కొంత భాగం పశ్చిమ దేశాల నుంచి ఓడలెక్కి పానిపట్‌కు చేరి, అక్కడ చీలికలై కంబళ్లుగా మారుతోంది.

మూడు వందల రూపాయల కుర్తీ కొనుక్కునే అమ్మాయికి దేశభక్తి పాఠం చెప్పే హక్కు మనకు లేదు. ఆమె పంచూ మనవరాలు. ఆమెకు వచ్చే జీతంలో అదే సాధ్యం. అడగవలసింది ఢిల్లీని, ఢాకాను. కూలి కాస్త పెరిగితే ఆర్డరు సరిహద్దు దాటిపోతుందన్న బెదిరింపు తిరుప్పూర్‌లోనూ, గాజీపూర్‌లోనూ ఒకటే. రెండు దేశాలూ కలిసి ఒక కనీస వేతనపు గీత గీసుకుంటే ఆ బెదిరింపు పదును తగ్గుతుంది. ఆ మాట మాట్లాడుకోవడానికి ఒక బల్ల ఉండేది. దాని పేరు సార్క్. 2014 కాఠ్మాండూ తర్వాత దాని శిఖరాగ్ర సమావేశమే జరగలేదు.

లారీని ఆపడానికి ఒక నోటిఫికేషన్ చాలింది. కూలికి ఒక గీత గీయడానికి మాత్రం ఇరువైపులా ఎవరికీ తీరిక దొరకడం లేదు.