త్రిరశ్మి కొండకు చీవరాలిచ్చిన నేతగాళ్లు

సూరత్‌లోని లింబాయత్ వైపు వెళ్తే గల్లీల్లో తెలుగు వినబడుతుంది. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ పల్లెల్లో మగ్గం ఆగిపోయాక బతుకుదెరువుకు వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. వీళ్లలో ఎక్కువ మంది పద్మశాలీలు. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతున్నదంటే ఇక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు. పగలు పన్నెండు గంటలు, రాత్రి పన్నెండు గంటలు సాంచాలు కొట్టుకుంటూనే ఉంటాయి. ఊరి పక్కన తాపీ నది పారుతుంది.

ఈ తాపీ నది పేరు, నేతగాళ్ల ప్రస్తావన రెండూ ఒకే గుహలో రాతి మీద చెక్కి ఉన్నాయని మన నేతన్నల్లో ఎందరికి తెలుసు? ఆ గుహ సూరత్‌కు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, డాంగ్ అడవులూ సాపుతారా ఘాటూ దాటి వెళ్తే నాసిక్ దగ్గర ఉంది. అక్కడి జనం ఆ కొండను పాండవ లేణి అంటారు. లేణి అంటే మరాఠీలో గుహ. పాండవులకూ ఆ గుహలకూ ఏ సంబంధమూ లేదు. గుహల్లోని శాసనాలు కొండ పేరును త్రిరశ్మి అని స్పష్టంగా చెబుతున్నాయి. మన దగ్గరా ఇదే కథ. గుంటుపల్లి గుహాచైత్యంలోని స్తూపం ధర్మలింగేశ్వరుడైపోయింది. పేరు మారితే కట్టినవాళ్లూ మారిపోతారు. కాబట్టి ముందుగా శాసనం ఏం చెబుతుందో చూద్దాం.

త్రిరశ్మి కొండలో 24 గుహలున్నాయి. వాటిలో 10వది పెద్ద విహారం. చేయించినవాడు ఉషవదాతుడు. దీనీకుని కొడుకు, క్షహరాత క్షత్రపుడు నహపానుని అల్లుడు, శక వంశీయుడు. సుమారు పంతొమ్మిది వందల ఏళ్ల కిందటి మాట. ఒక శాసనంలో అతడు చేసిన దానాల జాబితా ఉంది. ఇబ, పారద, దమణ, తాపీ, కరబేణ, దాహనుక అనే నదుల మీద పడవలు పెట్టి, రేవు రుసుము లేకుండా జనాన్ని దాటించే ఏర్పాటు చేశాడట. రెండు గట్ల మీద విడిది సభలు, చలివేంద్రాలు పెట్టించాడట. ఆ తాపీయే నేటి సూరత్ తాపీ. దమణ అంటే దమణగంగ, పారద అంటే వల్సాడ్ వైపు పారే పార్ నది. దక్షిణ గుజరాత్‌లో రైలెక్కి బొంబాయి వైపు వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఈ నదులనే ఒకదాని తర్వాత ఒకటి దాటుతారు.

అసలు విషయం 42వ సంవత్సరం వైశాఖ మాసం నాటి శాసనంలో ఉంది. ఉషవదాతుడు ఈ గుహను చాతుద్దిస భిక్కు సంఘానికి, అంటే నాలుగు దిక్కుల నుంచి వచ్చే భిక్కులందరికీ ఇచ్చాడు. దాంతోపాటు 3000 కార్షాపణాలు అక్షయనిధిగా పెట్టాడు. ఆ డబ్బు పెట్టింది ఏ రాజు ఖజానాలోనూ కాదు, ఏ గుడి హుండీలోనూ కాదు. గోవర్ధనం అనే ఊళ్లోని నేతగాళ్ల శ్రేణుల దగ్గర. శాసనంలో వాళ్ల పేరు కోలిక నికాయం. ఒక కోలిక నికాయం దగ్గర 2000, నెలకు నూటికి ఒకటి వడ్డీ. ఇంకో కోలిక నికాయం దగ్గర 1000, నెలకు నూటికి ముప్పావు వడ్డీ. అసలు ఎన్నటికీ తిరిగి ఇవ్వనక్కరలేదు, వడ్డీ మాత్రమే వాడుకోవాలి.

నూటికి రూపాయి, నూటికి రెండు రూపాయలు అని వడ్డీ లెక్క చెప్పుకునే తెలుగువాడికి ఈ శాసనాన్ని విడమర్చి చెప్పాల్సిన పని లేదు. మన ఊళ్లలో ఇప్పటికీ నడిచే లెక్కే అది. అయితే ఒక తేడా ఉంది. ఇవాళ నేతగాడు వడ్డీ కట్టేది షావుకారుకు, అదీ అప్పు తీరక. అప్పుడు కట్టింది కొండమీది సంఘానికి, అదీ పెట్టుబడి తన చేతిలో ఉంచుకుని.

లెక్క వేసి చూడండి. 2000 మీద నెలకు నూటికి ఒకటి చొప్పున 20 కార్షాపణాలు. ఏడాదికి 240. శాసనం ఏం చెబుతున్నదంటే, ఈ గుహలో వస్సావాసం చేసే 20 మంది భిక్కుల్లో ఒక్కొక్కరికి చీవరం కోసం 12 కార్షాపణాలు ఇవ్వాలి. 20 మందికి 12 చొప్పున 240. ఒక్క కాసు ఎక్కువ కాదు, తక్కువ కాదు. రెండో శ్రేణి నుంచి వచ్చే వడ్డీ కుశణమూలం అనే ఇతర ఖర్చుకు. ఈ ఏర్పాటునంతా నిగమ సభలో చదివి వినిపించి, దస్తావేజుల చావడిలో ఫలకం మీద నమోదు చేయించారు. దాత తన మాట మీద తాను నిలబడతాడన్న నమ్మకంతో వదిలెయ్యలేదు, ఊరి ముందు పెట్టి రాయించారు.

ఈ 240 కార్షాపణాలు కొండమీది బతుకును ఎలా నడిపాయో తెలియాలంటే వినయపిటకం చూడాలి. వానాకాలం మూడు నెలలూ భిక్కులు ఒకచోట ఉంటారు. అదే వస్సావాసం. అది ముగిశాక కఠిన చీవర కాలం. ఉపాసకులు గుడ్డ ఇస్తారు, భిక్కులందరూ కూడి ఆ గుడ్డను ఆ రోజే కొలిచి, కత్తిరించి, కుట్టి, రంగు వేసి చీవరం తయారు చేస్తారు. కోత తీరు మగధ పొలాల గట్ల మాదిరిగా ఉండాలని బుద్ధుడు ఆనందునికి చెప్పాడని వినయం చెబుతుంది. రంగు వేరు నుంచి, మాను నుంచి, బెరడు నుంచి, ఆకు నుంచి, పువ్వు నుంచి, కాయ నుంచి తీయవచ్చు. అంటే గుహలో ఉండేవాడికి సూది పట్టడం రావాలి, రంగు కాచడం రావాలి. ధ్యానమూ ధమ్మోపదేశమూ మాత్రమే విహార జీవితం అనుకునేవాళ్లు ఈ పనులను మరచిపోతుంటారు. కింద గోవర్ధనంలో మగ్గం మీద దిగిన గుడ్డ పైకెక్కి, కొండమీద కత్తెరా సూదీ రంగు కుండా చూసిన తర్వాతే చీవరమయ్యేది.

వినయంలో నేతగాళ్ల గురించే రెండు నియమాలున్నాయి. భిక్కు తాను నూలు అడిగి తెచ్చుకుని నేతగాడితో గుడ్డ నేయించుకోకూడదు. ఎవరైనా ఉపాసకుడు తన కోసం గుడ్డ నేయిస్తున్నాడని తెలిసి, పిలవకుండానే నేతగాడి దగ్గరకు పోయి, ఇంకా పొడుగు పెంచు, పన్నా పెంచు, దట్టంగా కొట్టు అని చెప్పకూడదు. అలా చెప్పి తెచ్చుకున్న గుడ్డను వదులుకోవాల్సిందే. దాత మీద భారం పడకూడదన్నది ఈ నియమాల ఉద్దేశమని వ్యాఖ్యానిస్తారు. నేతపని చేసే ఇంట్లో పుట్టినవాడికి ఇంకోటి కూడా కనిపిస్తుంది. చెప్పిన కొలత ఒకటి, మగ్గం మీదికి ఎక్కాక అడిగేది ఇంకొకటి అయితే నలిగేది ఎవరో వాడికి తెలుసు.

ఇక్కడ ఒక మాట. ఉషవదాతుణ్ణి మనవాడిగా చేసుకుని పొంగిపోవలసిన పని లేదు. అతడు దేవతలకూ బ్రాహ్మణులకూ మూడు లక్షల గోవులు, పదహారు గ్రామాలు ఇచ్చానని అదే గోడ మీద రాసుకున్నాడు. 70,000 కార్షాపణాలు దేవ బ్రాహ్మణులకు, 3000 నేతగాళ్ల ద్వారా భిక్కులకు. దామాషా చూస్తే దాత మనసు ఎటుందో అర్థమవుతుంది. అయినా ఒక చోటు చదివినప్పుడు నాకు నవ్వు ఆగదు. భిక్కుల భోజనానికి పొలం కావలసి వస్తే, వారాహి కొడుకు అశ్వభూతి అనే బ్రాహ్మణుడి దగ్గర 4000 కార్షాపణాలు పోసి కొన్నాడట. అది అతని తండ్రి నాటి పొలమట. ఊరి ఎల్లకు వాయవ్యాన ఉందట. గోవులూ గ్రామాలూ అటు ఉచితంగా వెళ్లాయి, భిక్కుల పొలం మాత్రం రొక్కం పెట్టి కొన్నది.

తర్వాత గౌతమీపుత్ర శాతకర్ణి నహపానుణ్ణి ఓడించాడు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌థెంబిలో 13 వేలకు పైగా నహపానుని వెండి నాణేలు దొరికితే, అందులో ఎక్కువ భాగం శాతకర్ణి తిరిగి తన ముద్ర కొట్టించినవే. 3వ గుహలో అతని 18వ ఏటి శాసనం ఉంది. ఉషవదాతుని అధీనంలో ఉన్న ఒక పొలాన్ని త్రిరశ్మి భిక్కులకు ఇచ్చాడు. ఆరేళ్ల తర్వాత, తల్లితో కలిసి ఇంకో ఆజ్ఞ వేయాల్సి వచ్చింది. ఆ పొలం ఎవరూ దున్నడం లేదు, ఆ ఊళ్లో జనం లేరు, కాబట్టి నగరం దగ్గరి రాజు పొలంలో వంద నివర్తనాలు బదులు ఇస్తున్నాం అని. రాజ్యం మారితే పొలం బీడు పడింది. కోలికుల నిధి ఏమైందో శాసనం చెప్పదు. కానీ ఆ తర్వాతి ఆభీర రాజు ఈశ్వరసేనుని కాలంలో కూడా, అదే 10వ గుహలో, విష్ణుదత్త అనే శక ఉపాసిక రోగులైన భిక్కుల మందుల కోసం పెట్టిన నిధిని మళ్లీ పనివాళ్ల శ్రేణుల దగ్గరే పెట్టింది. కుమ్మరులు, నీటి యంత్రాలు చేసేవాళ్లు, గానుగవాళ్లు. రాజుల మీద కంటే చేతిపనివాళ్ల మీద నమ్మకం నిలిచిందనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు కనబడలేదు.

ఈ కోలికులు ఏ మార్కెట్ కోసం నేసేవారు? అదే శతాబ్దాల గ్రీకు నావికుడొకడు రాసిన పెరిప్లస్‌లో కొంత జవాబు ఉంది. దక్కనులోని పైఠాన్ నుంచి, దానికి తూర్పున పది రోజుల దూరంలో ఉన్న తగర నుంచి బండ్ల మీద సరుకు బరిగజకు, అంటే సూరత్‌కు ఉత్తరాన ఉన్న భరూచ్‌కు వచ్చేదట. తగర నుంచి వచ్చేది ముఖ్యంగా బట్ట. ముతక బట్టా, సన్నబట్టా. దక్కను నేత ఈ తీరానికి రావడం మన తాతల కాలంలో మొదలైంది కాదన్నమాట. అప్పుడు గుడ్డ వచ్చేది, ఇప్పుడు గుడ్డ నేసే మనిషే వచ్చాడు. ఇక్కడి జరీ మాత్రం ఎదురు ప్రయాణం చేస్తున్నది. గద్వాల చీర అంచులో మెరిసేది చాలాసార్లు సూరత్ జరీయే.

సూరత్‌లో ఈ శాసనాన్ని తెలుగులో చదివి వినిపించినప్పుడు, నలభై ఏళ్లు సాంచాల మీద పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మధ్యలో ఆపాడు.

"ఆ రెండు సంగాల పేర్లేంది బిడ్డా?"

పేర్లు లేవు పెద్దయ్యా అన్నాను. ఒక కోలిక నికాయం, ఇంకో కోలిక నికాయం అని మాత్రమే ఉంది. డబ్బిచ్చినవాడి పేరు ఉంది, అతని తండ్రి పేరు ఉంది, మామ పేరు ఉంది. పొలం అమ్మిన బ్రాహ్మణుడి పేరూ, అతని తల్లి పేరూ ఉన్నాయి. ఏటేటా 240 కార్షాపణాలు కొండమీదికి పంపినవాళ్లలో ఒక్కరి పేరూ లేదు.

"మనోళ్లెవ్వరు పేరు రాయించుకోలేదా మరి, యాడ్నన్న?"

రాయించుకున్నారు. సాత్మాల కొండల్లోని పితల్‌ఖోరాలో యక్షుడి విగ్రహం చేతి మీద, దీన్ని చేసింది కన్హదాసు అనే కంసాలి అని ఉంది. కార్లే గుహ ద్వారం పని తనదేనని ధేనుకాకటం వడ్రంగి సామి చెక్కించుకున్నాడు. మన అమరావతిలో, నాగ ఉపాధ్యాయుని కొడుకు విధికుడు, తోలుపని చేసే చమ్మకారుడు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకం ఇచ్చి, కులవృత్తి దాచకుండా రాయించాడు.

పెద్దాయన విధికుడి పేరు రెండుసార్లు చెప్పించుకున్నాడు. మనవడి నోట్‌బుక్ తెప్పించి, బడిలో నేర్చుకున్న తెలుగులో వాడి చేత రాయించాడు. తర్వాత అమరావతికి సూరత్ నుంచి ఏ రైలు పోతుందని అడిగాడు.