నమూనాతో అవసరాన్ని కనుగొనడం

పనిచేసే నమూనాను వాడేవారి చేతికిచ్చి, కొత్త సాంకేతికత నుంచి వారికి అసలు కావలసిందేమిటో తెలుసుకునే పద్ధతి ఇది. అడిగితే చెప్పలేని ఇబ్బందులు కూడా వాడుకలో బయటపడతాయి.

తెలుగునాట దీనికి దగ్గరి ఉదాహరణ చింతకింది మల్లేశం రూపొందించిన లక్ష్మీ ఆసు యంత్రం. పోచంపల్లి చీరకు ఆసు పోయడమంటే, అర్ధవృత్తంగా నిలిపిన మేకుల చుట్టూ దారాన్ని వేలసార్లు చేత్తో తిప్పడం. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూసి ఆయన 1992లో పని మొదలుపెట్టారు. ఒక్కో కదలికను యంత్రానికి నేర్పుతూ 1999కి పూర్తిచేశారు. ఎంతో ఓర్పుతో సాధించిన ఈ పనికి 2017లో పద్మశ్రీ దక్కింది.

నగరి పట్టణంలోని మరమగ్గాలకు పరికరం చేసేవారు కూడా నమూనాను నడుస్తున్న మగ్గం పక్కనే పరీక్షించాలి. తెగిన పోగును ముడివేసేటప్పుడు కార్మికుడి చెయ్యి ఎక్కడ అడ్డుపడుతుందో కాగితం మీది బొమ్మలో కనిపించదు.