చవక సింథసైజర్ పుట్టుపూర్వోత్తరాలు

జపాన్ కంపెనీ క్యాసియో 1980ల తొలినాళ్లలో అమ్మిన వీఎల్-1 ఒక కాలిక్యులేటర్. కూడికలూ తీసివేతలూ చేస్తుంది. అదే పెట్టె సింథసైజర్ కూడా. ఎనిమిది అంకెల సంఖ్య కొట్టి మెమరీలో దాచి, స్విచ్చిని ఏడీఎస్‌ఆర్ అన్న చోటికి జరిపితే ఆ సంఖ్యే వాద్యమైపోతుంది! మొదటి అంకె తరంగం ఆకారం చెబుతుంది. రెండోది స్వరం ఎంత త్వరగా లేవాలో, మూడోది ఎంత త్వరగా దిగాలో, తర్వాతి రెండూ ఏ స్థాయిలో ఎంతసేపు నిలవాలో, ఆరోది చివర ఎలా ఆరిపోవాలో చెబుతాయి. ఏడో అంకె శ్రుతిని ఊపుతుంది, ఎనిమిదోది శబ్దం హెచ్చుతగ్గుల్ని. నెల ఖర్చులు లెక్కతేల్చిన యంత్రం మీదే, మరో నిమిషానికి ఎవరూ వినని వాద్యాన్ని తయారుచేసుకోవచ్చు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ చవక సింథసైజర్ల చరిత్ర నన్ను వదలడం లేదు.

వీఎల్-1 మీద మీటలుండవు, 29 బొత్తాలుంటాయి. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. ధర అమెరికాలో 70 డాలర్ల లోపు. 1970లో వచ్చిన మినీమూగ్ సింథసైజర్ కూడా ఒకసారికి ఒక్క స్వరమే పలికేది, దాని ధర దాదాపు 1,500 డాలర్లు. రెంటి నాదానికీ పోలికే లేదు, నిజమే. కానీ కొనగలిగిన వాళ్ల సంఖ్యలో తేడా ఇంకా పెద్దది.

ఇంత చవకగా ఎలా చేశారంటే, క్యాసియోది లెక్కల యంత్రాల ఇల్లు. కషియో అన్నదమ్ములు నలుగురు కలిసి 1957లో రిలేలతో నడిచే 14-ఎ కాలిక్యులేటర్‌ను తెచ్చారు. 1970ల్లో కాలిక్యులేటర్ కంపెనీల మధ్య ధరల యుద్ధం సాగింది. 1972 నాటి క్యాసియో మినీని 12,800 యెన్‌లకే అమ్మారు. చిన్న చిప్పులో ఎక్కువ పని చేయించడం ఆ యుద్ధంలోనే ఒంటబట్టింది. అన్నదమ్ముల్లో యంత్రాలు కనిపెట్టే మనిషి తోషియో. ఆయనకు సంగీతమంటే ప్రాణం. మాటలో హల్లు, అచ్చు ఉన్నట్టే వాద్యధ్వనిలోనూ మొదటి తాకిడి వేరు, తర్వాత సాగే నాదం వేరు అని గ్రహించి, ఆ రెండిటినీ విడివిడిగా తయారుచేసి కలిపే పద్ధతితో 1980లో క్యాసియోటోన్ 201 తెచ్చారు.

అంతకు ముందు కథను నాలుగు మాటల్లో చెప్పేస్తాను. 1947లో ఫ్రాన్స్‌లో కాన్‌స్టాంట్ మార్టిన్ క్లావియోలిన్ చేశారు. పియానోకు తగిలించుకునే చిన్న ఎలక్ట్రానిక్ కీబోర్డు అది. 1954 నాటి హిందీ సినిమా 'నాగిన్'లో దేశమంతా విన్న పాములవాళ్ల బూర అసలు బూర కాదు, కళ్యాణ్‌జీ వాయించిన క్లావియోలిన్. సరిగ్గా ఏ వాద్యంలానూ పలకని పెట్టెలోంచి కోట్లమంది నిజమనుకున్న బూర వచ్చింది. 1978లో బ్రిటన్‌లో క్రిస్ హగెట్ రూపొందించిన వాస్ప్ వచ్చింది. నలుపూ పసుపూ రంగుల్లో 200 పౌండ్ల లోపు పెట్టె. కదిలే మీటలకు ఖర్చవుతుందని వాటిని తీసేశారు. వేలు ఆనితే గుర్తించే రాగి పలకలు పెట్టారు. అదే ఏడాది ఒక ఎలక్ట్రానిక్స్ పత్రిక ట్రాన్సెండెంట్ 2000 అనే కిట్ వివరాలు ప్రచురించింది. జాయ్ డివిజన్ బృందంలోని బెర్నార్డ్ సమ్నర్ ఆ కిట్‌ను స్వయంగా టంకం వేసుకుని కూర్చుకున్నాడు.

మళ్లీ క్యాసియో దగ్గరికి వస్తాను, నా మనసంతా అక్కడే ఉంది. 1980లో హిరోకో ఒకుదా అనే యువతి ఆ కంపెనీలో చేరింది. కునితాచి సంగీత కళాశాలలో చదువుకుని, రెగ్గే సంగీతం మీద పరిశోధనా వ్యాసం రాసిన అమ్మాయి. 1981లో విడుదలైన ఎంటీ-40 అనే చిన్న కీబోర్డుకు తాళాల వరసలు సమకూర్చే పని ఆమెకిచ్చారు. 'రాక్' అని పేరున్న వరసకు ఆమె ఒక బేస్ నడక కూర్చింది. జమైకాలో నోయెల్ డేవీ చేతిలో అలాంటి కీబోర్డుంది. అతనూ గాయకుడు వేన్ స్మిత్ కలిసి ఆ 'రాక్' వరస దగ్గర ఆగారు. కింగ్ జామీ స్టూడియోలో దాని వేగం తగ్గించారు. 1985లో 'అండర్ మీ స్లెంగ్ టెంగ్' పాట వచ్చింది. ఆ ఒక్క నడక మీద తర్వాత వందలాది పాటలు పుట్టాయి. జమైకా సంగీతం కంప్యూటర్ తాళాల వైపు మళ్లింది. స్టూడియోల్లో చేతితో వాయించే వాళ్లకు పని తగ్గింది. ఆ పాటను ప్రేమించే నేను ఈ నష్టాన్ని పక్కన పెట్టలేను. జర్మన్ బృందం ట్రియో 1982లో చేసిన 'డా డా డా' కూడా వీఎల్-1లోని ఒక తాళం మీదే నిలబడింది.

రోలాండ్ టీబీ-303 ఈ కుటుంబానికి దగ్గరి చుట్టమే. గిటారు వాళ్లకు తోడుగా బేస్ వాయించాలని 1980ల మొదట్లో చేశారు. బేస్ గిటారులా పలకలేదు, అమ్ముడుపోలేదు, పాతసామాన్ల కొట్లకు చేరింది. అక్కడ చవగ్గా దొరకబట్టే షికాగో కుర్రాళ్ల చేతికొచ్చింది. ఫ్యూచర్ బృందం 1987లో 'యాసిడ్ ట్రాక్స్'తో ఒక కొత్త సంగీతానికి పేరు పెట్టింది. దానికి అయిదేళ్ల ముందే, 1982లో, ముంబయి సినీ వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ అదే యంత్రంతో పది రాగాలను డిస్కో తాళంలో వాయించి రికార్డు తెచ్చారు. ఎవరూ కొనలేదు. 2010లో మళ్లీ అచ్చయ్యాక గానీ ప్రపంచం తల తిప్పి చూడలేదు.

1983లో యమహా డీఎక్స్7 సింథసైజర్ దాదాపు 2,000 డాలర్లకు వస్తే, మరుసటి ఏడాది క్యాసియో సీజెడ్-101ను 500 డాలర్ల లోపు ఇచ్చింది. చిన్న మీటలు, బ్యాటరీలతో నడక. లోపలి ఇంజన్‌లో మాత్రం రాజీ లేదు. ఆ వెంటనే ఎస్‌కే-1 వచ్చింది. మైకులో ఊదినా తుమ్మినా పట్టుకుని సుమారు సెకనున్నర పాటు దాచి, అన్ని మీటల మీదా పలికించేది. అంతకు ముందు ఆ పనికి వేల డాలర్ల యంత్రాలే దిక్కు.

మన పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో ఏ కంపెనీ కీబోర్డునైనా 'క్యాసియో' అనే పిలిచిన కాలముంది. అయితే అప్పటికే అసలైంది పోయింది. చవక కీబోర్డుల్లో సిద్ధంగా ఉన్న ధ్వనులు వందలకు చేరాయి, మనమే ధ్వని తయారుచేసుకునే దారి మూసుకుపోయింది. వీఎల్-1 కొన్న పిల్లవాడికి స్వరం ఎలా పుట్టి ఎలా ఆరుతుందో వేళ్లతో తెలిసేది. వంద ధ్వనుల జాబితా చేతికొచ్చిన పిల్లవాడికి ఎంచుకోవడం తప్ప ఏమీ తెలియదు. ఇది చిన్న నష్టమని నేను అనుకోను.

2010లో కోర్గ్ మోనోట్రాన్ ఆ దారిని కొంచెం తెరిచింది. అరచేతిలో పట్టే ఆ పెట్టెలో తమ పాత ఎంఎస్-20 సింథసైజర్ ఫిల్టర్ సర్క్యూట్‌నే వాడారు. 2013 నుంచి అదే కంపెనీ వోల్కా పెట్టెలు వచ్చాయి. కొత్త పెట్టె కొనే డబ్బు లేనివాళ్లకు ఇంకో తోవ ఉంది. సర్జ్ అనే సాఫ్ట్‌వేర్ సింథసైజర్ 2018 నుంచి ఉచితం. డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డీఎక్స్7 ధ్వనులను తెరచి మార్చుకోవచ్చు. పాత ల్యాప్‌టాప్ ఉంటే చేతికి కావలసింది చిన్న మిడి కీబోర్డు ఒకటే. మన సంగీతం వాయించాలనుకునేవాళ్లు మాత్రం స్వరాన్ని వంచే పిచ్‌బెండ్ చక్రం ఉందో లేదో ముందు చూడాలి. చాలా చవక కీబోర్డుల్లో అది ఉండదు. అది లేనిదే గమకం పలికించడం కష్టం. మీట నొక్కాక శబ్దం ఆలస్యంగా వస్తుంటే కీబోర్డును తిట్టనక్కరలేదు. విండోస్ అయితే ఏఎస్‌ఐఓ4ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసి, బఫర్ తగ్గించి చూడండి.