శ్రుతి ఎవరు పెట్టాలి?

పదిమంది కలిసి పాడే పాటలో పెత్తనం ఎవరిదో మొదటి అక్షరం పలక్కముందే తేలిపోతుంది. శ్రుతి ఎవరు పెట్టారు, ఎంతకు పెట్టారు అన్నదే ఆ పెత్తనం. తాళం చూపించడం, చేతులు ఊపడం, తప్పు పాడినవాళ్ళ వైపు కళ్ళెర్రజేయడం అన్నీ దాని తర్వాతి సంగతులు. సికింద్రాబాద్ బోయిగూడలో పెరిగి, బడిపిల్లలకు పాటలు నేర్పి రిటైరై, చర్చి క్వాయర్‌లో జుట్టు నెరిసిన మనిషిని నేను. మా వైపు ఆడవాళ్ళు పాట నడిపిన చరిత్రను ఈ ఒక్క ప్రశ్న పట్టుకునే చెబుతాను.

మా పేట పేరులోనే మేనాలు మోసే బోయీలున్నారు. 1806లో సికందర్ జా పేరు పెట్టుకున్న సికింద్రాబాద్, సైన్యం కోసం పుట్టిన ఊరు. దొరలకు మేనాలు, దెబ్బతిన్న సిపాయిలకు డోలీలు మోసేవాళ్ళు లేకపోతే ఆ సైన్యం కదలదు. లష్కర్ (సికింద్రాబాద్) బోనాలకు మూలపురుషుడిగా చెప్పుకునే సురిటి అప్పయ్య కూడా డోలీ మోసినవాడే. 1813లో పటాలంతో ఉజ్జయినిలో ఉండగా ఇక్కడ కలరా తగ్గాలని అమ్మవారికి మొక్కుకుని, 1815లో తిరిగొచ్చి లష్కర్‌లో ఆ తల్లిని నిలిపాడని చెప్పుకుంటారు.

మేనా మోత పాట లేకుండా సాగదు. ముందు కొమ్ము పట్టినవాడు ఒక మాట అంటే వెనకవాళ్ళు బదులిస్తారు. గుంట వచ్చినా, రాయి తగిలేలా ఉన్నా, దారి మళ్ళినా పాటలోనే చెప్పాలి. అడుగు తప్పితే మేనా ఒరుగుతుంది. అందరికంటే బాగా పాడేవాణ్ణి ముందు నిలబెట్టాలని లేదు; దారి చూసి చెప్పగలిగేవాడు నిలబడాలి. క్వాయర్ నడపడం గురించి ఇంతకంటే పనికొచ్చే మాట నాకు ఏ సంగీత పుస్తకంలోనూ దొరకలేదు.

ఈ మోత పాటను లోకానికి వినిపించింది హైదరాబాద్ ఆడబిడ్డే. సరోజినీ నాయుడు 1905లో లండన్‌లో అచ్చు వేయించిన ‘ద గోల్డెన్ థ్రెషోల్డ్’ మొదలయ్యేది మేనా మోసేవాళ్ళ కవితతోనే. మరుసటి ఏడాదికల్లా లైజా లేమాన్ అనే ఇంగ్లిష్ స్వరకర్త ఆ పుస్తకంలోని కవితలను నాలుగు గొంతుల పాటలుగా కట్టారు. 1911లో లండన్‌లోని మహిళా సంగీతకారులు తమ రచనలు తామే వినిపించుకోవడానికి, ఒకరికొకరు దారి చూపించుకోవడానికి సంఘం పెట్టుకున్నప్పుడు దానికి మొదటి అధ్యక్షురాలు కూడా లేమానే. మా బోయీల పాటతో మొదలయ్యే పుస్తకానికి బాణీలు కట్టిన మనిషి, ఆడవాళ్ళకు ఆడవాళ్ళు ఆసరాగా నిలవాలన్న తొలి సంఘాల్లో ఒకదానికి పెద్ద కావడం నాకు భలే ఇష్టమైన సంగతి.

మా గల్లీలో ఆ పని సంఘం, పేరు ఏమీ లేకుండానే జరిగేది. పెత్రమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులూ పొద్దుగూకితే ఆటే. మేం చర్చి వాళ్ళమైనా చప్పట్లు కొట్టడానికి మమ్మల్ని ఎవరూ వద్దనలేదు. టింబర్ డిపోలో కూలికి పోయే ఒక అవ్వ పాట ఎత్తుకునేది. హార్మోనియం లేదు, శ్రుతిపెట్టె లేదు. ముందు ఓ చుట్టు తిరిగి ఎవరెవరు వచ్చారో చూసుకునేది. చంకలో పిల్లలున్న తల్లులు, దగ్గుతున్న ముసలమ్మలు, మాలాంటి కీచుగొంతు పిల్లలు, అందరూ ఆమె లెక్కలోకి వచ్చేవాళ్ళు. అప్పుడు ఎత్తుకునేది, అదీ కాస్త కిందికే. కథ పాట అరగంట సాగుతుంది. మొదటి ఉయ్యాలోనే పైకి పోతే కథలో సీతమ్మ అడవికి చేరేసరికి సగం గొంతులు బొంగురుపోతాయి. ఆట ఊపందుకున్నాక తానే మెల్లగా పైకి లాక్కెళ్ళేది. మాకు తెలిసేది కూడా కాదు.

తన తర్వాతి మనిషిని తయారుచేసే తీరు ఇంకా బాగుండేది. పాట మధ్యలో చెప్పాపెట్టకుండా నోరు మూసుకునేది. ఆట ఆగదు కదా! పక్కనున్న పిల్ల తర్వాతి మాట అందుకోవాల్సిందే. మాట గుర్తురాకపోతే పాత మాటే పట్టుకుని ఇంకో చుట్టు తిప్పాలి. ఆ పిల్ల పాడినంతసేపూ అవ్వ అందరితో పాటు గొంతు కలిపేది తప్ప సరిదిద్దేది కాదు. తప్పులు మర్నాడు తాంబాళంలో తంగేడు మీద గునుగు పేరుస్తూ, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పేది. నలుగురిలో పరువు తీయకూడదన్న ఆ మర్యాద నేను తర్వాత చూసిన సంగీతం మాస్టర్లలో అంతగా కనపడలేదు.

ఆదివారం చర్చికొస్తే లెక్క మారిపోయేది. తెలుగు చర్చికి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే ప్రాణం. పురుషోత్తమ చౌదరి లాంటివాళ్ళు 19వ శతాబ్దంలో మన రాగతాళాల్లో, పల్లవీ చరణాలతో కట్టిన పాటలవి. పాడేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. హార్మోనియం ముందు కూర్చునేది మాత్రం మగవాళ్ళు. తమ గొంతుకు వీలుగా ఒకటో ఒకటిన్నరో శ్రుతి పెడతారు. మా గొంతుకు హాయి ఐదు దగ్గర. ఒకటిన్నరలో పై స్థాయి అందుకుంటే చరణం దగ్గర గొంతు చీరుకుపోతుంది. కింది స్థాయిలో పాడితే తబలా మోతలో మాట వినపడదు. ‘అమ్మలు గట్టిగా పాడాలి’ అని పీఠం మీంచి అయ్యగారు గద్దించేవారు. మాకు గొంతులున్నాయి, ఆ శ్రుతిలో వాటికి చోటే లేదు.

ఆడవాళ్ళు నడిపే పాట స్త్రీల కూడికలో ఉండేది. అక్కడ పాట మొదలుపెట్టేది పాస్టరుగారి భార్య, అమ్మగారు. అంటే లీడరు కావడానికి అర్హత పెళ్ళి. కొందరు అమ్మగార్లు నిజంగా గొప్పగా నేర్పేవాళ్ళు. కానీ అయ్యగారికి ట్రాన్స్‌ఫర్ వస్తే ఆమె నేర్పుతున్న పాటలు, సగంలో ఉన్న శిష్యురాళ్ళు, అన్నీ అక్కడికక్కడే ఆగిపోయేవి. అంతకుముందు తరంలో పల్లెపల్లె తిరిగిన బైబిల్ స్త్రీలదీ ఇలాంటి కథే. అక్షరం రాని ఆడవాళ్ళకు నోటితోనే కీర్తనలు నేర్పిన వాళ్ళు. క్వాయర్ మాస్టర్ అన్న మాట వాళ్ళకు ఎవరూ వాడలేదు. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడింది, తర్వాత స్త్రీలకూ గురువులుగా అభిషేకం ఇచ్చింది, 2013లో మన తెలుగావిడ ఎగ్గోని పుష్పలలిత గారిని నంద్యాలకు బిషప్‌ను చేసింది. ఆ ఏడాది కూడా నాకు తెలిసిన చర్చిల్లో హార్మోనియం ఒకటిన్నరలోనే మోగుతోంది.

చిత్రమేమిటంటే, గొంతును బట్టి శ్రుతిని జరుపుకునే సౌకర్యాన్ని పాశ్చాత్య చర్చి పాటకు పద్ధతిగా కట్టి ఇచ్చిందే ఒక ఆడమనిషి. ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో సారా గ్లోవర్ అనే టీచరు పిల్లల చేత చర్చి పాటలు పాడించడానికి సోల్ఫా అక్షరాలతో ఒక పద్ధతి తయారుచేసుకుని 1835లో పుస్తకంగా వేశారు. అందులో ‘డో’ మన షడ్జమం లాంటిదే, ఎక్కడ పెట్టుకుంటే అక్కడ ఉంటుంది. పిల్లలకు ఎంతలో వీలైతే అంతలో పాట మొదలవుతుంది. 1840ల్లో జాన్ కర్వెన్ అనే పాస్టరు దాన్ని మార్చి, పెంచి, టానిక్ సోల్ఫాగా ప్రచారం చేశాడు. మిషనరీలు దాన్ని దేశదేశాలకు మోసుకెళ్ళారు. కర్వెన్ ఆమె పేరు దాచలేదు, అయినా లోకానికి గుర్తున్నది ఆయన పేరే. మా చర్చిలో సోల్ఫా చదవగలిగిన పెద్దాయన ఆ అక్షరాల వెనక ఒక స్కూలు టీచరమ్మ ఉన్నారని ఏనాడూ చెప్పలేదు. ఆయనకూ ఎవరూ చెప్పి ఉండరు.

చర్చి బయట మాకు దారి చూపినవాళ్ళున్నారు. వింజమూరి అనసూయాదేవి 1920లో కాకినాడలో పుట్టి, చిన్నతనం నుంచే హార్మోనియం తానే వాయిస్తూ పాడారు. చెల్లెలు సీతాదేవితో కలిసి పల్లె పాటలను సభల మీదికి, రేడియోకి తెచ్చారు. పెట్టె ఆడవాళ్ళ చేతిలో ఉంటే శ్రుతి ఎక్కడ ఉంటుందో ఆ పాటలు వింటేనే తెలుస్తుంది. రేడియోలో న్యాయపతి కామేశ్వరి గారు ‘అక్కయ్య’గా, భర్త రాఘవరావు గారు ‘అన్నయ్య’గా పిల్లల్ని మైకు చుట్టూ నిలబెట్టి పాడించారు. తర్వాత హైదరాబాద్ కేంద్రంలో ఆ అక్కయ్య పిలుపు తురగా జానకీరాణి గారిదయింది. ఒక అక్కయ్య తర్వాత ఇంకో అక్కయ్య. ఒక పదవి ఆడవాళ్ళ మధ్య చేతులు మారడం నేను మొదట విన్నది రేడియోలోనే.

చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ గారు 1970ల మొదట్లో మద్రాసు యూత్ క్వాయర్ పెట్టి, మన భాషల పాటలను గొంతులు విడగొట్టి పాడించవచ్చని చూపించారు. 1980ల్లో ఎన్‌సీఈఆర్‌టీ సమూహగానం కార్యక్రమం కోసం టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆ గాలి మా బళ్ళ దాకా వచ్చింది. అప్పటిదాకా బళ్ళో పాటంటే ప్రార్థన, వందన సమర్పణ. అప్పుడు మాత్రం నాలాంటి మామూలు టీచర్లు కూడా మైదానంలో వందలమంది పిల్లల ముందు నిలబడి చేతులెత్తారు. ఆ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మమ్మల్ని కండక్టర్లని ఎవరూ అనలేదు; సికింద్రాబాద్‌లో కండక్టరంటే బస్సులో టికెట్ కొట్టేవాడే.

పెద్ద దేశాల్లో పరిస్థితి మరీ వేరుగా ఏమీ లేదు. అమెరికాలో మార్గరెట్ హిల్లిస్‌కి ఆర్కెస్ట్రా నడపాలని కోరిక. ఆడవాళ్ళకు ఆ తలుపు తెరవరు, క్వాయర్ గుండా వెళ్ళమని గురువులు సలహా ఇచ్చారు. ఆమె 1957లో షికాగో సింఫనీ కోరస్‌ను నిలబెట్టి దశాబ్దాలు నడిపారు. 1977లో ఆ ఆర్కెస్ట్రా కండక్టర్ షోల్టీ గాయపడితే ఆఖరి నిమిషంలో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో మాలర్ ఎనిమిదో సింఫనీని నడిపి చూపించారు. ఆడ కండక్టర్లకు సీనియర్ల వెన్నుదన్ను, వేదిక దొరికేలా మారిన్ ఆల్సప్ అనే కండక్టర్ ఫెలోషిప్ పెట్టడానికి మాత్రం 2002 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు మా దగ్గర శ్రుతి పెట్టేది యంత్రం. బతుకమ్మకు సౌండ్ బాక్సులు పెడుతున్నారు; పాట రికార్డులో వస్తుంటే ఎత్తుకునే అవ్వతో పనేముంది? రికార్డు మధ్యలో నోరు మూసుకుని పక్క పిల్లకు పాట అప్పజెప్పదు. చర్చిలో కీబోర్డు వచ్చింది. దాని మీద ట్రాన్స్‌పోజ్ మీట ఉంది, ఒక్క నొక్కుతో ఎవరి గొంతుకైనా శ్రుతి జరుగుతుంది. ఆ మీట ఇన్నాళ్ళూ వాయించే అబ్బాయి గొంతు దగ్గరే ఉండిపోయింది.

అందుకే క్వాయర్ పిల్లలకు నేను నేర్పే మొదటి పాఠం పాట కాదు. శనివారం ప్రాక్టీసులో కీబోర్డు ఆపించి, ఒక పిల్లను ముందుకు పిలుస్తాను. చరణంలో అన్నిటికంటే పై స్వరం ఏదో ముందు మనసులో అనుకోవాలి. అది అందరికీ అందే చోటు చూసుకుని, అక్కణ్ణుంచి కిందికి లెక్కగట్టి ‘సా’ పలకాలి. తర్వాత నాలుగు లెక్కలు. నాలుగో లెక్కలో తాను గాలి పీల్చాలి, అది చూసి అందరూ పీల్చాలి. గాలి పీల్చడం కనపడకపోతే ఎంత చేతులూపినా పాట ఒక్కసారిగా లేవదు. ఇదంతా నాలుగు వారాల్లో వస్తుంది. ఎక్కువ కాలం పట్టేది ఇంకొకటుంది: తబలా దగ్గర కూర్చున్న పెద్దాయనతో ‘అంకుల్, కొంచెం నిదానంగా’ అని నవ్వుతూ, కానీ తగ్గకుండా చెప్పడం. దానికి సోల్ఫా లేదు. పక్కన నేనుండి, నేను మాట్లాడకుండా ఉంటేనే వాళ్ళకు వస్తుంది.

డిసెంబరు క్యారల్ రౌండ్స్ దీనికి సరైన పరీక్ష. రాత్రి పది దాటాక డీసీఎం వ్యానులో చిలకలగూడ రైల్వే క్వార్టర్స్ దాకా తిరుగుతాం. చలికి గొంతులు బిగుసుకుపోయి ఉంటాయి, గిటార్ తీగలు జారిపోతుంటాయి, గేటు లోపల కుక్క అరుస్తుంటుంది. ఒక్కో గేటు దగ్గర ఒక్కో పిల్ల శ్రుతి పెట్టాలని నియమం పెట్టాను. మొదటి ఏడాది గిటార్ అబ్బాయి గొణిగాడు. ఇప్పుడు కేపో పట్టుకుని ‘ఎంతకు అక్కా?’ అని ఆ పిల్లనే అడుగుతున్నాడు.

మొన్న కమిటీ మీటింగ్‌లో నేను అడిగింది ఒక్కటే. క్వాయర్ రిజిస్టర్‌లో లీడర్ పేరు పక్కనే ఆమె తర్వాత నడిపేదెవరో కూడా ఏటా రాయాలి, ఏడాదిలో కొన్ని ఆదివారాలు ఆ రెండో మనిషే నడపాలి. రిజిస్టర్‌లో దానికి గడి లేదన్నారు. స్కేలు అడిగి తీసుకుని అక్కడే గీసిచ్చాను.