పాలమూరు ఇండ్లలో దీపాలవేళ ప్రార్థన

మన అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సమయమున ఆలయములను, పాఠశాలలను, వైద్యశాలలను జ్ఞాపకము చేసికొనుట న్యాయమే. వాటి చరిత్రను వ్రాసినవారు కలరు. గుడిసెలలో దీపము వెలిగించు వేళ జరిగిన ప్రార్థనను గూర్చి వ్రాసినవారు తక్కువ. మన సంఘములను నిలిపినది ఆ ప్రార్థనయే అని మేము నమ్ముచున్నాము. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

మహబూబ్‌నగరునకు పూర్వపు పేరు పాలమూరు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పేరిట 1890లో ఇప్పటి పేరు వచ్చినది. అంతకు ఐదేండ్ల ముందు, 1885లో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఎల్బర్ట్ చూట్ దొరగారు ఇక్కడ మిషను కేంద్రమును ప్రారంభించిరి. 1937లో ఆ కేంద్రము మెన్నోనైట్ బ్రదరెన్ మిషను చేతికి వచ్చినది. మిషనులు వేరైనను పల్లెలోని విశ్వాసి ముందున్న ప్రశ్న ఒక్కటే: బాప్తిస్మము పొందిన మరునాటి ఉదయము నుండి ఎట్లు జీవించవలెను?

ఆ ప్రశ్నకు పుస్తకముతో జవాబు చెప్పుటకు వీలు లేకుండెను. సంపూర్ణ తెలుగు బైబిలు 1854 నాటికే అచ్చయినది గాని, 1901 జనాభా లెక్కల నాటికి హైదరాబాదు రాజ్యములో చదువ వ్రాయ నేర్చినవారు నూటికి ఇంచుమించు ముగ్గురే. కనుక వినుట, వల్లించుట, పాడుట అను మూడే మార్గములు. పగలంతయు దొరల పొలములలో పని. సాయంకాలము దీపము పెట్టిన తరువాతనే నలుగురు కూడుటకు వీలు. ఉపదేశి ఒక వాక్యము చెప్పును. అందరు దానిని మరల మరల పలుకుదురు. ఒక కీర్తన, పరలోక ప్రార్థన, అంతే. పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలవంటివి సంఘభేదము లేక తెలుగు క్రైస్తవులందరి నోట నిలిచినది ఈ విధముగానే. చదువురాని తల్లి కూడ పాటలో వేదాంతము నేర్చుకొన్నది.

ఇదే నిజాం రాజ్యములో, మనకు తూర్పున దోర్నకల్లులో, బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ఈ దినచర్యను ఇంకను దృఢపరచిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయిన ఆయన, బాప్తిస్మము పొందువారు తలపై చేయి వేసికొని, 1 కొరింథీ 9:16లోని పౌలు మాటను తమ మాటగా పలుకవలెనని నేర్పిరి. సువార్త చెప్పుట పాదిరిగారి పని మాత్రమే కాదు, కూలికి పోవు నీ పని కూడ అని దాని భావము. వంట చేయునప్పుడెల్ల స్త్రీలు పిడికెడు బియ్యము ప్రభువు కొరకు తీసిపెట్టు అలవాటు అక్కడి సంఘములలో వేరూనినది. చేతిలో డబ్బు లేనివారు సహితము దాతలైరి. పొయ్యి దగ్గరి పని కూడ ఆరాధన అయినది.

పాలమూరుకు ఇంకొక శోధన కలదు. అదే వలస. వానలు తప్పినప్పుడు మన జనులు గుంపు మేస్త్రీ వెంట తట్ట, పార పట్టుకొని దూర దేశములకు పోయిరి. 1955లో పునాది పడి, 1967లో కాలువలకు నీరు వదలిన నాగార్జునసాగరు వంటి కట్టడములలో పాలమూరు కూలీల చెమట కలదు. మట్టి పనికి ఆదివారము లేదు, దగ్గరలో గుడి లేదు. అయినను కంఠస్థమైన వాక్యమును, కీర్తనను ఏ మేస్త్రీయు విడిచి రమ్మనలేదు. అబ్రాహాము గుడారము వేసిన చోటనే బలిపీఠము కట్టెను (ఆదికాండము 12:8). మన కూలీల గుడిసె ముందరి ప్రార్థన అటువంటి బలిపీఠమే.

ఇచ్చట మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. ఆరు నెలలు గుడిలో కనబడని కుటుంబమును మేము చల్లారినవారని తలంచితిమి. పండుగకు తిరిగి వచ్చినప్పుడు, చందా బాకీ ఎంత అని అడిగితిమి గాని, అక్కడ ఎట్లు ప్రార్థించితిరి అని అడుగలేదు. ముసలివారి యొద్ద విడిచిపోయిన పిల్లలకు సాయంకాలము వాక్యము ఎవరు చెప్పుచున్నారో చూడలేదు. గుడి హాజరును చూచితిమి, ఇంటి దీపమును చూడలేదు.

నేడు మన ఇండ్లలో బైబిళ్లు ఎక్కువ, కలిసి చదువు ఘడియలు తక్కువ. దీపాలవేళను టెలివిజనుకు, చేతిఫోనుకు ఇచ్చివేసితిమి. పితరుల భక్తి వారి పేదరికము వలన కలిగినది కాదు. పేదరికములోను ఒక సమయమును దేవునికి ప్రత్యేకించుట వలన నిలిచినది. కనుక ప్రియ సహోదరీ సహోదరులారా, పెద్ద తీర్మానములు వద్దు. భోజనమునకు ముందు పది నిమిషములు కూర్చుందము. వారమునకు ఒక వాక్యము పిల్లలతో కూడ మనమును కంఠస్థము చేయుదము. ప్రభువు పిడికెడును మరువకుందము. వలసలో నున్న సహోదరునికి ఫోను చేసి, రెండు మాటలు మాట్లాడి, కలిసి ప్రార్థింతము. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయము ఇంట కూర్చున్నప్పుడును త్రోవ నడచునప్పుడును వాక్యమును బిడ్డలకు నేర్పుమని ఆజ్ఞాపించుచున్నది. ఇల్లును త్రోవయు రెండును పాలమూరువారికి బాగుగా తెలిసినవే.

మన తరువాతి నూరేండ్ల చరిత్ర ఈ సాయంకాలము మన ఇంటనే మొదలగును గాక. దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.